కొమురత్త తరఫు వకీలు

మొన్న సత్తెన్న దినాలకు హన్మకొండ వెళ్ళాను. సత్తెన్న మా పెద్దబాపు కొడుకు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఇప్పుడు దినాలంటే ఫంక్షన్ హాలు, వరసగా పెట్టిన స్టీలు గిన్నెలు, ఫ్లెక్సీ మీద పోయినవాడి నవ్వు మొహం. ఏడుద్దామంటే చోటు లేదు, ఎవరికీ తీరికా లేదు. ప్లేటు పట్టుకుని నిలబడి తినే ఓపిక నాకు ఎప్పుడో పోయింది కాబట్టి పక్క గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. అక్కడ సత్తెన్న మనవరాలు మేఘన, పదేళ్ళ పిల్ల, గోడకు ఆనుకుని చేతిలో చిన్న తెర పట్టుకుని ఏదో ఆడుతోంది. తెర మీద ఒక బొమ్మ వకీలు బల్ల గుద్దుతున్నాడు.

"ఏం ఆటే అది?" అన్నాను.

"కోర్ట్ గేమ్ అమ్మమ్మా. నేను డిఫెన్స్ లాయర్‌ని. మర్డర్ చేసింది వేరేవాళ్ళు, పోలీసులు మా క్లయింట్‌ని పట్టుకున్నారు. సాక్షి ఎక్కడ అబద్ధం చెప్పాడో కనిపెట్టి, అక్కడ ఎవిడెన్స్ చూపించాలి."

"నీ క్లయింటే తప్పు చేసి ఉంటే?"

"చెయ్యరు. మన క్లయింట్ ఎప్పుడూ ఇన్నోసెంటే."

"మరి క్లయింటే అబద్ధం చెప్తే?"

మేఘన నన్ను జాలిగా చూసింది. "చెప్తారు ఒక్కోసారి. అప్పుడు వాళ్ళని కూడా గట్టిగా అడగాలి. నిజం బయటికొస్తే జడ్జి వదిలేస్తాడు. అంతే."

అంతేనట. నాకు ఒళ్ళు మండింది. పిల్ల మీద కాదు, ఆ ఆట తయారుచేసినవాడి మీద. నేను కూడా డిఫెన్స్ లాయర్‌నేనని, పన్నెండేళ్ళ వయసులో కొత్తవాడలో వాదించానని, మీ తాతే మా జడ్జి అని చెప్పాను. మేఘన ఆట ఆపి, చెప్పమని మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది. చెప్పాను. అంతా చెప్పలేదు. ఆ పిల్లకు చెప్పనిది కూడా ఇక్కడ రాస్తున్నాను.

కొత్తవాడలో మా ఇల్లు ఇల్లనడం కంటే మగ్గాల కొట్టం అనడం నయం. ముందు అర్రలో రెండు గుంట మగ్గాలు, వెనక వాకిట్లో రంగుల గంగాళాలు, మధ్యలో మేము ఎక్కడ జాగా దొరికితే అక్కడ పడుకునేవాళ్ళం. మాది జంపఖానాల పని. పొద్దున లేచేసరికి గంజి ఉడికే వాసన, దాని వెంట రంగు కాగే ఘాటు, ఆ రెంటి మీద మా నానమ్మ నశ్యం వాసన. అన్నంలోనూ అవే వాసనలు, బళ్ళో నా పుస్తకాల్లోనూ అవే. పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. మా బాపు మాట తక్కువ మనిషి. ఏమడిగినా మగ్గం ఇంకాస్త గట్టిగా ఆడించేవాడు, అదే జవాబు అనుకోవాలి. మాటలన్నీ ఆయన వంతువి కూడా కలిపి మా పెద్దబాపు మాట్లాడేవాడు. షావుకారి దగ్గర నూలు తెచ్చేది, త్రాసులో వేసి జోకేది, నేసిన జంపఖానాలు మళ్ళీ షావుకారికి అప్పజెప్పేది అన్నీ ఆయనే. మగ్గం మీద మాత్రం కూర్చునేవాడు కాదు, నడుము నొప్పి అనేవాడు. ఆ నడుముతోనే నెలకోసారి హన్మకొండ కోర్టుకు నడిచి వెళ్ళేవాడు.

పక్కింటివాళ్ళతో ఒక గోడ మీద తగాదా. మూరెడు వెడల్పు గోడ. దాని కోసం పెద్దబాపు ఎన్నేళ్ళు పేషీలకు తిరిగాడో గుర్తు లేదు. ఇస్త్రీ ధోతి కట్టుకుని, నెత్తికి రుమాలు చుట్టుకుని, కాగితాల సంచి చంకన పెట్టుకుని పోయేవాడు. వాయిదా వేయించుకుని వచ్చేవాడు. కానీ ఆ వాయిదానే అన్నం ముందు కూర్చుని యుద్ధం గెలిచినట్టు చెప్పేవాడు. "మా వకీలు లేచి ఒక్కటే మాట అన్నడు, వాళ్ళ వకీలు మొఖం సూడాలె!" అని పప్పు కలిపిన చేతిని గాలిలో ఊపేవాడు. మా పెద్దమ్మ "ముందు మెతుకులు రాల్చకు, మల్ల గెలుద్దువు గని" అనేది. మేము మాత్రం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. ముల్జిమ్ అంటే ముద్దాయి, గవా అంటే సాక్షి, జమానత్ అంటే జామీను, వకాల్తా అంటే నా తరఫున వాదించమని వకీలుకు మనం రాసిచ్చే హక్కు, ఈ మాటలన్నీ మాకు ఎక్కాల కంటే ముందు వచ్చాయి.

మా కోర్టు ఆట అలా పుట్టింది. మడతపెట్టిన జంపఖానాల దొంతి మీద సత్తెన్న కూర్చునేవాడు, అతను జడ్జి. సర్కారు తరఫున వాదించేది, సాక్షులుగా వచ్చేది మా వాడ పిల్లలు. నేను నానమ్మ నల్ల గొంగడి భుజాల మీద కప్పుకుని ముల్జిమ్ తరఫు వకీలును. ముల్జిమ్ ఎప్పుడూ కొమురత్తే. ఎందుకంటే ఆమె ఒక్కతే కదలకుండా ఒక చోట దొరికేది.

కొమురత్త మా చుట్టం కాదు. వర్ధన్నపేట దిక్కు నుంచి బతకడానికి వచ్చిన మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. మా ఇంట్లో కండెలు చుట్టేది. చిలపలుగా, అంటే పొడుగు కట్టలుగా వచ్చే నూలును రాట్నం మీద పెట్టి, మగ్గానికి పనికొచ్చేలా చిన్న చిన్న గొట్టాలకు చుట్టడం ఆమె పని. పొద్దున వచ్చి మగ్గం పక్కనే గోడ వారగా కూర్చుంటే దీపాల వేళకు లేచేది. మధ్యాహ్నం నానమ్మ పెట్టే గట్కా, పచ్చిపులుసు, అదే ఆమె రోజువారీ భోజనం. రాట్నం తిప్పుతూనే మా కోర్టులో నిలబడేది, అంటే కూర్చునేది.

ఒకసారి నానమ్మ నశ్యం డబ్బా పోయింది. సర్కారు వకీలు కొమురత్తే తీసిందన్నాడు. నేను ఆమె చేతులు పట్టుకుని పైకెత్తి జడ్జికి చూపించాను. "ఈ చేతులకు ఎర్ర రంగున్నది. రంగు చేతులతోటి డబ్బా ముడితే డబ్బాకు అంటాలె. గూట్ల దొరికిన డబ్బాకు రంగు లేదు. నా ముల్జిమ్ బేకసూర్!" సత్తెన్న చెక్కతో దొంతి మీద కొట్టి కేసు కొట్టేశాడు. కొమురత్త ఎంత నవ్విందో. "నా వకీలమ్మ ఉండంగ నాకేం ఫికర్?" అన్నది. ఆ మాట నా తలకెక్కింది. ఇప్పటికీ దిగలేదేమో.

మా ఆటలో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరైనా అబద్ధం చెప్తున్నారని అనుమానం వస్తే మగ్గం మీద చెయ్యి పెట్టి చెప్పమనాలి. ఇది మేము పుట్టించింది కాదు, వాడలో పెద్దలదే. దేవుడి మీద ఒట్టు అందరూ వేస్తారు, పొద్దుగూకేలోపు మరిచిపోతారు. మగ్గం మీద ఒట్టు ఎవరూ వేయరు. మగ్గం ముట్టుకుని అబద్ధమాడితే ఆ చేతికి అన్నం పుట్టదని నమ్మకం. అందుకే ఆటలో కూడా చేయి పెట్టమంటే పిల్లలు నవ్వడం ఆపేసేవాళ్ళు.

ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. బాపు రంగు వేసిన చిలపలు చూరు కింద వేలాడదీస్తే నాలుగు రోజులైనా ఆరలేదు. షావుకారి జంపఖానాలకు తొందరపెడుతున్నాడు. పెద్దబాపు ఒక పొద్దున చిలపలన్నీ దించి, త్రాసులో వేసి జోకి కొమురత్తకు ఇచ్చేశాడు. నేను పక్కనే ఉన్నాను, చిలపలు అందించింది నేనే. నా అరచేతులు తడి అయితే లంగాకు తుడుచుకున్నాను. ఈ సంగతి నాకు అంత బాగా గుర్తుండటానికి కారణం ఉంది. లంగాకు రంగు అంటిందని పెద్దమ్మ వీపు మీద ఒకటి వేసింది. తర్వాత వాన వెలిసింది, ఎండలు కాశాయి. కొమురత్త కండెలు చుట్టడం ముగించాక షావుకారి మనిషి వచ్చి జోకితే, పెద్దబాపు రాసిచ్చిన లెక్క కంటే అర్ధసేరు పైన తక్కువ వచ్చింది.

తడి నూలు బరువని వాడలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. కానీ తడిగా ఉండగా జోకానని పెద్దబాపు ఒప్పుకుంటే షావుకారి ముందు తల తీసేసినట్టే. నూలు జోకడం రాని మనిషికి నూలెవరిస్తారు? అప్పుడు రెండు మగ్గాలూ ఆగిపోతాయి. కొమురత్త సంగతి ఇంకోలా ఉంది. ఆమె చేతిలో నూలు పోయిందన్న మాట పుడితే కొత్తవాడలో ఏ గడపా ఆమెను రానివ్వదు. కండెలు చుట్టేవాళ్ళను నమ్మకం మీదే ఇంట్లోకి రానిచ్చేది. ఆమెకు ఆ పని తప్ప ఏమీ లేదు.

షావుకారి ఇద్దరు కులపెద్దలను వెంటబెట్టుకుని వచ్చాడు. ముందు అర్రలోనే కూర్చోబెట్టారు. నానమ్మ చాయ్ పెట్టింది. బాపు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని, పని ఆపి, తల వంచుకుని ఉన్నాడు. కొమురత్త రాట్నం దగ్గరే నిలబడింది. ఆమె నిలబడితే అంత పొట్టిగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

"ఏమైంది కొమురమ్మా నూలు?" అన్నాడు పెద్దబాపు, కోపం లేకుండానే.

"తప్పైంది షావుకారి," అంది కొమురత్త షావుకారి దిక్కు చేతులు జోడించి. "చిక్కులు పడ్డయి. తెంపి పారేసిన. ఇంకోపారి గిట్ల కాదు."

"జర జాగ్రత్తగ చేసుకోవాలె గద," అన్నాడు షావుకారి. "సరే, అయిందేదో అయింది. ఈపారికి పోనీయుండ్రి." అని చాయ్ కప్పు కింద పెట్టి లేవబోయాడు.

అక్కడ ఊరుకుని ఉంటే నా బతుకులో ఒక ముల్లు తక్కువయ్యేది. నేను ఊరుకోలేదు. నా ముల్జిమ్ చేయని తప్పు ఒప్పుకుంటుంటే నేనెలా ఊరుకుంటాను? ఎన్ని కేసులు గెలిచిన వకీలును! "అబద్ధం! ఆమె పారేయలే!" అని అర్ర మధ్యలోకి వచ్చాను. మా ఇంట్లో తెగిన పోగు కూడా పారేయరు. గోనెసంచిలో వేసి పెట్టి దిండ్లలోకి కూరుతారు. పరుగెత్తి ఆ సంచి తెచ్చి షావుకారి ముందు బోర్లించాను. పిడికెడు పోగులు రాలాయి. "అర్ధసేరు తెంపితే ఇండ్ల ఉండాలె. ఏవీ?"

షావుకారికి సరదా వేసింది. మళ్ళీ కూర్చున్నాడు. "ఎవల పిల్లనే ఇది? మస్తు ఉషారున్నదే. అడుగనీయుండ్రి, అడుగనీయుండ్రి."

పెద్దబాపు "ఏయ్, లోపటికి పో" అన్నాడు. నేను పోలేదు. షావుకారి అడగమన్నాడు కదా. "నూలు తడిగ ఉండంగ జోకిండ్రు," అన్నాను. "అందుకే తక్కువొచ్చింది. నేను చిలపలు అందిచ్చిన, నాకెర్కే."

షావుకారి పెద్దబాపు మొహంలోకి చూశాడు. పెద్దబాపు నవ్వాడు. ఆయన నవ్వు నాకు చాలా బాగా తెలుసు, అది నవ్వు కాదు. "చిన్నపిల్ల, ఆటలెక్కువైనయి. ఎండినంకనే జోకిన. ఏం కొమురమ్మా, నువ్వే చెప్పు."

కొమురత్త నా వైపు చూడలేదు. "ఎండినయే ఇచ్చిండు షావుకారి," అంది.

నాకు అప్పుడు కలిగింది జాలి కాదు. ఉన్నదున్నట్టు రాస్తాను, కోపం. ఇంత కష్టపడి కేసు గెలిపిస్తుంటే నా ముల్జిమ్మే నా కాళ్ళ కింద చాప లాగేస్తోంది. "అయితే మగ్గం మీద చెయ్యి పెట్టి చెప్పు," అన్నాను.

ఆమె చెయ్యి చాపింది. బాపు మగ్గం ఆమెకు జానెడు దూరంలో ఉంది. చెయ్యి ఆ జానెడు దూరం దాటలేదు. గాలిలోనే ఆగింది. నేను గెలిచానని ఎగిరాను. "సూడుండ్రి! పెడ్తలేదు! అబద్ధం చెప్తాంది, కొమురత్త అబద్ధం చెప్తాంది!"

ఆమె ఎండిన నూలు అన్నది అబద్ధమని నా వాదన. కానీ విన్నవాళ్ళకు కావాల్సింది వాళ్ళు విన్నారు. షావుకారి లేచి నిలబడ్డాడు. "తెంపి పారేసినన్నది, సంచిల పోగు లేదు. మగ్గం ముట్టుమంటే ముడ్తలేదు. ఇంట్ల పిల్లనే అబద్ధమంటాంది. ఇగ దొంగతనం గాకపోతే ఏంది?" కులపెద్దలు తలలూపారు. నేను "గది కాదు, నేను చెప్పేది గది కాదు" అని అరిచాను. నానమ్మ నా రెక్క పట్టుకుని వంటింట్లోకి ఈడ్చుకెళ్ళింది. పోతూ పోతూ బాపు వైపు చూశాను. ఆ నూలుకు రంగు వేసింది ఆయన, ఆరబెట్టింది ఆయన. ఆయన రెండు చేతులూ మగ్గం మీదే ఉన్నాయి. ఒక్క మాట చాలు, ఒట్టుతో సహా అయిపోయేది. ఆయన మాట్లాడలేదు. నేను మా బాపును చాలా ప్రేమించాను, ఆయన పోయినప్పుడు పొర్లి పొర్లి ఏడ్చాను, కానీ ఆ ఒక్క సంగతి మాత్రం క్షమించలేదు.

కొమురత్త ఆ పూటే వెళ్ళిపోయింది. మర్నాడు ఆమె పేరు వాడంతా తిరిగింది. చాటుగా తిరిగిన పేరు కాదు, ఎదురుగా పిలిచే పేరే అయింది. నూలు దొంగ. ఆ సాయంత్రం పెద్దబాపు నన్ను తిడతాడని భయపడుతూ కూర్చున్నాను. ఆయన బెల్లం ముక్క చేతిలో పెట్టి, "గోనెసంచి ముచ్చట ఎట్ల తోచిందే నీకు? నిన్ను వకీలు చదివిస్త" అన్నాడు. ఆ బెల్లం తిన్నాను. ఆకలి మీద ఉన్నాను, తిన్నాను. మళ్ళీ మేము ఎప్పుడూ కోర్టు ఆట ఆడలేదు. సత్తెన్న చనిపోయేదాకా ఆ రోజు సంగతి నా దగ్గర ఎత్తలేదు, నేనూ అతని దగ్గర ఎత్తలేదు. మరుసటి వానాకాలం నుంచి పెద్దబాపు ప్రతి చిలపనూ దించి, చెంపకు ఆనించుకుని తడి చూసుకుని, అప్పుడే త్రాసులో వేసేవాడు. ఇంటిల్లిపాదీ చూసేవాళ్ళం.

ఆయన మాట మీద నిలబడ్డాడు, అది ఒప్పుకోవాలి. డిగ్రీ అయ్యాక మా వాడలో ఆడపిల్లను లా కాలేజీలో చేర్పించిన మొదటివాడు మా పెద్దబాపే. సీటు వచ్చిన రోజు వాడంతా చెప్పుకుని తిరిగాడు.

మేఘనకు ఇంతవరకే చెప్పాను. "అయితే మీరు కరెక్టే కదా అమ్మమ్మా. ఎవిడెన్స్ కూడా చూపించారు. ఆ అంకుల్స్‌దే తప్పు," అంది. ఏ కాలానికి ఆ కాలం ఆట. వాళ్ళ ఆటలో వకీలు తెలివైనవాడైతే ముద్దాయి ఇంటికెళ్తాడు. నా తెలివికేం తక్కువ లేదు ఆ రోజు. పిల్లను బయట ఎవరో అన్నానికి పిలిస్తే వెళ్ళింది, మిగిలింది చెప్పే అవసరం తప్పింది.

మిగిలింది ఏమిటంటే, లా కాలేజీలో సీటు వచ్చిన వారం నేను కొమురత్తను వెతుక్కుంటూ పోయాను. ఎనుమాముల మార్కెట్లో మిరపకాయల పనికి పోతుందని ఎవరో చెప్పారు. యార్డులో అడుగు పెట్టగానే దగ్గు. షెడ్డు కింద ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని వరసగా కూర్చుని కాయలు ఏరుతున్నారు. కళ్ళను బట్టి పోల్చుకున్నాను. ముందు కూర్చుని, ఎన్నేళ్ళుగానో దాచుకున్నది గబగబా చెప్పేశాను. నూలు తడిగా ఉండెనని, పెద్దబాపుకు తెలుసునని, ఇంట్లో అందరికీ తెలుసునని. నేను వకీలు చదువుతున్నానని కూడా చెప్పాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. కనీసం ఏడుస్తుందనుకున్నాను.

ఆమె గుడ్డ కిందికి లాగి నా మొహం తేరిపార చూసింది. "తడిగున్నదని నాకెర్క లేదానే? చుట్టింది నేను. ఆ పొద్దుగాలనే మీ పెద్దబాపు నాతోని అన్నడు. 'నేను తప్పు జోకిన కొమురమ్మా, నా ఇజ్జత్ నీ చేతుల్నే ఉన్నది. ఖరాబైందని ఒక్క మాట అను, నిన్నెవ్వలు ఏమనరు, నీ రాట్నం నీకే ఉంటది' అన్నడు. నేను సరేనన్న. నాకు రాట్నం కావాలె గని నిజం ఏం చేసుకుందును? షావుకారి లేవనే లేవబట్టె. గప్పుడొస్తివి నువ్వు."

ఆమె పాడైన కాయ ఒకటి ఏరి పక్కకు పడేసింది.

"మగ్గం ముట్టుమంటివి. మగ్గం ముట్టి అబద్ధం ఎట్ల చెప్తరే? చెప్పకపోతే ఆయన ఇజ్జత్ పోతది, చెప్తే నా చెయ్యి పోతది. ఒక్క మాట అడుగుత, చెప్పు బిడ్డా. నా వకాల్తా నీకెవలిచ్చిండ్రు?"

ఆ ఏడాది మధ్యలోనే లా కాలేజీ మానేశాను. పెద్దబాపు కారణం అడిగాడు, చెప్పలేదు. తర్వాత ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పుకుని బతికాను. కానీ అదంతా తర్వాతి సంగతి. ఆ షెడ్డు కింద నేను ఇంకా అలాగే కూర్చుని ఉంటే, కొమురత్త గుడ్డ మళ్ళీ ముక్కు మీదికి లాక్కుంది.

"జర పక్కకు జరుగు," అంది. "వెలుతురుకు అడ్డమున్నవ్."